కొండ మీద మనుషులుండగా హారన్ కొట్టరాదు

లాంచీ సరంగుకి యాభై ఎనిమిదేళ్లు. అందులో ముప్పయ్యేళ్లు స్టీరింగు పట్టుకుని నిలబడే గడిచిపోయాయి. ఇసుక మేట ఈ ఏడాది ఎక్కడికి జరిగిందో, వేసవిలో ఏ రాయి తల బయటపెడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. నేల మీద మాత్రం ఒట్టి అమాయకుడు. బజారుకి పంపితే ఒక సందు బదులు ఇంకో సందులోకి తిరిగి, అరగంట తర్వాత బయల్దేరిన చోటే తేలేవాడు. "నీళ్ల మీద పులి, వీధిలో పిల్లి," అని భార్య బతికున్నన్నాళ్లూ ఏడిపించింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది.

అతని లాంచీ విహారయాత్రల లాంచీ. పైన డెక్కు మీద ప్లాస్టిక్ కుర్చీలు, కింద పడక గదులు, వెనక వంటగది, అడుగున ఇంజను గది. రెండు రోజుల ప్రయాణం. రెండో రోజు పొద్దున్న నదికి ఒక పెద్ద కొండ అడ్డం వస్తుంది. నది దానితో తగువు పెట్టుకోకుండా చుట్టూ తిరిగి పోతుంది. ఆ మలుపంతా మేటలూ రాళ్లూ కాబట్టి లాంచీ నడిచే మనిషికన్నా నెమ్మదిగా పోవాలి. అందుకని ఓపికున్న ప్రయాణికులు పై రేవులో దిగి, గైడు వెంట అడవిలోంచి కొండ వెన్ను మీదుగా నడిచి, మూడున్నరకల్లా అటుపక్క కింది రేవులో దిగుతారు. లాంచీ చుట్టు తిరిగి వచ్చి అక్కడ కాచుకుని ఉంటుంది. ప్రకటన కాగితంలో దీన్ని 'అడవిలో ఒక రోజు' అని రంగురంగుల అక్షరాల్లో వేస్తారు. అక్షరాలు చూసి వచ్చినవాళ్లలో సగం మంది మొదటి ఎత్తు దగ్గరే కాగితం వేసినవాణ్ణి తిట్టుకుంటారు.

ఆ కొండ చుట్టూ సరంగు కొన్ని వేలసార్లు తిరిగాడు. దాని నెత్తి మీద ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఎవరైనా అడిగితే, "కొండెక్కడానికి కాళ్లుండాలి బాబూ, నాకున్నది స్టీరింగు," అని నవ్వేసేవాడు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్న టీ కూడా సగంలో వదిలేసి బూట్లు వేసుకుని కూర్చున్నాడు. బూట్లు అతనివి కావు, అతని కింద పనిచేసే చిన్న సరంగువి. వేలెడు వదులు. ముందు భాగంలో గుడ్డ పీలికలు కుక్కుకున్నాడు.

వంటగదిలోంచి మరదలు భోజనం పొట్లం పట్టుకుని వచ్చింది. తమ్ముడి భార్య. పదేళ్లుగా లాంచీలో వంట ఆమె చేతి మీదే నడుస్తోంది.

"బావగారూ, ఆ బూట్లతో మీరు కొండెక్కుతారా, మిమ్మల్ని నలుగురు మోసుకెళ్తారా?" అంది.

"నవ్వు, నవ్వు. సాయంత్రం వేణ్ణీళ్లు కాచి పెట్టేదానివి నువ్వే."

ఆమె పొట్లం అతని సంచిలో పెట్టింది. నీళ్ల సీసా మూత మరోసారి బిగించి ఇచ్చింది. ఇచ్చినా వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"మీరు పైనున్నప్పుడు చిన్న సరంగు హారన్ కొడతాడంట కదా. వినబడుతుందో లేదో సరిగ్గా చూసి చెప్పండి. ఎన్నాళ్లనుంచో నాకు అదే..." అని మిగతాది మింగేసింది.

"చూస్తానమ్మా," అన్నాడు సరంగు. అతను కొండెక్కుతున్నదీ ఆ హారన్ వినడానికే. అయితే ఆమెకి కావలసిన జవాబు వేరు, అతన్ని మూడేళ్లుగా తినేస్తున్న ప్రశ్న వేరు.

తమ్ముడు అతనికన్నా పదహారేళ్లు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. అన్నా వదినే పెంచారు. పాలు పట్టడం ఒక్కటే తక్కువ. చదువు తలకెక్కలేదు గానీ యంత్రాలు ఎక్కాయి. పద్దెనిమిదో ఏట అన్న వాణ్ణి తీసుకొచ్చి లాంచీ ఇంజను గదిలో పడేశాడు. ఇంజను గదికి కిటికీ లేదు. నది ఎటుందో, ఒడ్డు ఎటుందో కింద ఉన్నవాడికి తెలియదు. పైన అన్న గంట కొడితే కింద తమ్ముడు ఇంజను నడిపేవాడు. ఒక గంటకి ఆపెయ్యి, రెండు గంటలకి వెనక్కి, మూడు గంటలకి ముందుకి. ఇరవై ఒక్కేళ్లు అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా అలాగే మాట్లాడుకున్నారు. పైనుంచి చప్పుడొస్తే తమ్ముడు ఎందుకని అడిగేవాడు కాదు. అన్న కొట్టాడంటే సరే, అంతే.

మూడేళ్ల కిందట చలికాలంలో ఒక రోజు, అసలు గైడు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నాడు. బదులు వచ్చినవాడు జనాన్ని కింది రేవుకి దించాడు గానీ, లెక్కపెడితే ఒక మనిషి తక్కువ. మెడలో కెమెరా వేసుకుని పూలకీ పురుగులకీ ఫోటోలు తీసుకుంటూ వెనకబడ్డ పెద్దమనిషి ఒకాయన కనబడలేదు. బదులు గైడు కాలు మెలికపడి గట్టు మీద చతికిలబడ్డాడు. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ ఇంజను గదిలోంచి పైకొచ్చాడు.

"నేను వెళ్లి చూసొస్తా అన్నయ్యా. ఇంజను చల్లారేలోపు వచ్చేస్తా."

సరంగు సరేనని తలూపాడు. అరగంటకి కెమెరా పెద్దమనిషి బాట వదిలేసి చెట్లలోంచి తాపీగా దిగివచ్చి, టీ ఉందా అని అడిగాడు. తమ్ముడు రాలేదు. చూస్తుండగానే పొగమంచు కొండని నెత్తి నుంచి నడుందాకా కప్పేసింది.

స్టీరింగు గదిలో, హారన్ తాడు పక్కనే, ఒక రేకు ముక్క మేకుతో కొట్టి ఉంటుంది. 'కొండ మీద మనుషులుండగా హారన్ కొట్టరాదు' అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. అది పాత సరంగు కాలం నాటిది. ఎందుకు కొట్టకూడదో ఇతను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడవి జంతువులు బెదురుతాయని కాబోలు అనుకున్నాడు. ఇరవై ఏడేళ్లు ఆ రేకు మాట జవదాటలేదు. ఆ సాయంత్రం దాటాడు. పైనున్నది తమ్ముడు. జంతువులు బెదిరితే బెదరనీ అని తాడు పట్టుకుని లాగాడు.

నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా లాగుతూనే ఉన్నాడు. పొడుగ్గా మూడు, ఆగి మళ్లీ మూడు. భుజం పడిపోతే మరదలు వచ్చి తాడు అందుకుంది. అతని చెయ్యి లేవనప్పుడు ఆమె, ఆమె చేతులు బొబ్బలెక్కినప్పుడు అతను. ప్రయాణికులు డెక్కు మీద గొంతులు చించుకుని అరిచారు. కొండ ఉలకలేదు, పలకలేదు.

రెండో రోజు దొరికాడు. నది లేని పక్కన, లోయ అడుగున. దారికీ ఆ చోటుకీ సంబంధమే లేదు. వెతకడానికి వెళ్లినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు, అటెందుకు పోయాడు అని. మంచులో కళ్లు కనబడక పోయి ఉంటాడని కాగితాల్లో రాసుకుని కేసు మూసేశారు.

మరదలు ఏడ్చి ఏడ్చి చివరికి ఒక్కదాన్ని పట్టుకుని నిలబడింది. "మనం పిలుస్తున్నట్టు ఆయనకి తెలిసే ఉంటుంది బావగారూ. దిక్కులేకుండా పోలేదు. మీ హారన్ వింటూ పోయారు," అనేది. వాచిపోయిన అతని భుజానికి కాపడం పెట్టమని కూతుర్ని పంపినప్పుడూ అదే చెప్పి పంపింది. ఆ పిల్ల బళ్లో రాసిన వ్యాసంలో కూడా, మా నాన్న కోసం మా పెదనాన్న చీకటి పడేదాకా హారన్ కొట్టాడు అని రాసి మార్కులు తెచ్చుకుంది.

విన్నప్పుడల్లా సరంగు ఏదో పని కల్పించుకుని అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. వింటూ పోయాడు, బాగానే ఉంది. వింటూ అటెందుకు పోయాడు? వాడికి అడవి తెలియదు నిజమే. చప్పుడు తెలుసు. వాడికి తెలిసినదల్లా చప్పుడే.

గైడుని అడిగాడు. గైడుని అందరూ నత్త అంటారు. అరవై దాటినవాడు, ఎంత తొందర పెట్టినా అదే నడక. నలభై ఏళ్లలో ఒక్క మనిషిని పోగొట్టుకోలేదంటే ఆ నడక పుణ్యమే. హారన్ ఎందుకు కొట్టకూడదని సరంగు అడిగినప్పుడల్లా నత్త మాట తప్పించేవాడు. ఒకసారి చెవి వినబడనట్టు నటించాడు. ఇంకోసారి పనుందన్నాడు, తర్వాతి లాంచీ వచ్చేదాకా రేవులో ఈగలు తోలుకోవడం తప్ప వేరే పని లేనివాడు. చివరికి మొన్నటి ప్రయాణంలో సరంగు, "ఈసారి నేనే పైకొస్తా. నేను పైనుండగా హారన్ కొట్టిస్తా," అన్నాడు. గొడవ చేస్తాడనుకున్నాడు. నత్త, "కొట్టించు. జనాన్ని కూర్చోబెట్టి పట్టుకునే బాధ్యత నాది," అని ఒప్పేసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎవర్నీ కొట్టనివ్వని మనిషి ఒక్క మాటకే ఒప్పుకునేసరికి సరంగుకి అనుమానం గట్టిపడింది. అప్పుడే సగం జవాబు తెలిసినట్టయింది. అయినా చిన్న సరంగుకి స్టీరింగు అప్పగించాడు. కింది రేవు చేరాక, సరిగ్గా రెండింటికి, ఆ రోజు కొట్టినట్టే పొడుగ్గా మూడు కొట్టమని చెప్పాడు.

పై రేవులో పద్దెనిమిది మంది ప్రయాణికులు దిగారు. నత్త ముందు, సరంగు చివర. దిగిన పది నిమిషాలకే చెట్లు నెత్తి మీద కమ్ముకున్నాయి. నేలంతా ఎండుటాకులు. కాలు వేస్తే గట్టి నేలో గుంటో తెలియదు. నీటి కిందున్న రాయిని నురగ చూసి చెప్పగలిగిన మనిషి, కళ్లెదుట ఉన్న వేరు తట్టుకుని రెండుసార్లు బోర్లా పడ్డాడు. ముందు నడుస్తున్న ఒక పొడుగాటి ఆయన, జోకులు వేయడమే తన డ్యూటీ అనుకునే రకం, వెనక్కి తిరిగి, "సరంగుగారూ, లంగరు వేసేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు. సరంగు కూడా నవ్వాడు. మోచేయి గీరుకుపోయింది.

గంటన్నర ఎక్కాక కొండ వెన్ను మీద తేలారు. అక్కడ చెట్లు పలచబడ్డాయి. రెండు పక్కలా నేల కిందికి జారిపోతుంటే మధ్యలో ఒక మనిషి పట్టేంత బాట. కుడిపక్కన, చాలా కింద, నది కనబడింది. సరంగు ఆగిపోయాడు. జీవితమంతా దాని మీద నిలబడినవాడు, దాన్ని మొత్తంగా చూడ్డం అదే మొదలు. ఎంత సన్నగా ఉంది! ఇంత నీటికోసమా ముప్పయ్యేళ్లు అనిపించింది. మలుపులో తన లాంచీ అగ్గిపెట్టెంత కనబడింది. కదులుతోందో లేదో తెలియడం లేదు. చూస్తూ చూస్తూ అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఎడమకి, ఎడమకి! మేట నెత్తికెక్కిస్తావా లాంచీని?" అని కొండ మీద నుంచి చిన్న సరంగుని కేకలేశాడు. అంత దూరంలో వాడికేం వినబడుతుంది. లాంచీ తనంతట తనే ఎడమకి జరిగింది. నత్త ఓ పక్కన నిలబడి నవ్వుకున్నాడు. ఆ రోజంతటికీ సరంగు మనసు కాస్త తేలికపడ్డది ఆ ఒక్క నిమిషమే.

తర్వాత నడకంతా తమ్ముడి వెంటే నడిచాడు. వాడు ఎక్కింది ఈ పక్క నుంచి కాదు, కింది రేవు నుంచి. అయినా ప్రతి మలుపులోనూ వాడు ఎటు చూసి ఉంటాడు, ఏమని పిలిచి ఉంటాడు అని ఆలోచన. ఇంజను గదిలో ఇరవై ఒక్కేళ్లున్న కళ్లకి ఇంత ఆకాశం ఎలా ఆనిందో. పిచ్చి వెధవ, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి కోసం చెప్పులతోనే ఎక్కేశాడు. బూట్లు వేసుకోమని నాకన్నా తోచలేదు అనుకున్నాడు. అనుకుని అనుకుని కళ్లు మసకబారితే, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు.

రెండింటికి పావుగంట ముందు 'మెడ' దగ్గరికి చేరారు. కొండ వెన్ను అక్కడ ఒక్కసారిగా వంగి సన్నబడుతుంది కాబట్టి ఆ పేరు. కుడిపక్కన కొండ భుజం గోడలా లేచి ఉంది. కింది రేవు ఆ భుజం వెనక, లోతులో ఉంది, కనబడదు. బాట ఆ భుజాన్ని చుట్టుకుని దిగుతుంది. ఎడమపక్కన లోయ. లోయకి అవతల, చెట్టన్నది లేకుండా, నున్నటి రాతి గోడ నిటారుగా నిలబడి ఉంది. నత్త అందర్నీ బండల మీద కూర్చోబెట్టి పొట్లాలు విప్పించాడు.

"లాంచీవాళ్లు హారన్ కొడతారు. ఎవరూ లేవకండి. తినండి," అన్నాడు.

ఎండ ఫెళ్లున కాస్తోంది. మంచు లేదు, మబ్బు లేదు. లాంచీ కుడిపక్కన ఉందని సరంగుకి తెలుసు. తన కళ్లతో చూశాడు. భుజం వెనక్కి అది తిరగడం కూడా చూశాడు. పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. కుడిపక్క నుంచి వినబడాలి, కుడిపక్క నుంచే వినబడాలి అని లోపల్లోపల ఎవర్నో బతిమాలుకున్నాడు.

హారన్ మోగింది.

లోయలోంచి మోగింది. ఎడమపక్క నుంచి, రాతి గోడ అడుగున లాంచీ కట్టేసి ఉన్నంత దగ్గరగా, స్పష్టంగా. పొడుగ్గా ఒకటి. పద్దెనిమిది తలలూ ఒక్కసారి ఎడమకి తిరిగాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా కుడికి తిరగలేదు.

"అదిగో, మన లాంచీ అటుంది! గైడుగారూ, దారి తప్పించారా ఏంటి?" అన్నాడు పొడుగాటాయన, నోట్లో ముద్దతో.

రెండోది మోగింది. మూడోది మోగింది. ఛాతీకి ఏదో అడ్డం తగిలితే సరంగు కిందికి చూసుకున్నాడు. నత్త చేతి కర్ర. తను ఎప్పుడు లేచాడో, ఎప్పుడు నాలుగడుగులు వేశాడో అతనికి తెలియదు. కాళ్లు లోయ వైపు ఉన్నాయి. పొట్లం బండ మీంచి జారి అన్నం మట్టిలో పడి ఉంది.

"కూర్చో," అన్నాడు నత్త.

కూర్చున్నాడు.

"నీకు తెలుసు," అన్నాడు సరంగు.

"తెలుసు. భుజం అడ్డముండి చప్పుడు ఇటు రాదు. చుట్టు తిరిగి పోయి ఆ గోడకి తగిలి లోయలోంచి వస్తుంది. నేను గైడుగా చేరిన కొత్తలో ఒకసారి హారన్ కొడితే సగం మంది అటే నడిచారు. జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. ఆ తర్వాతే పాత సరంగు చేత రేకు కొట్టించాను."

"ఎందుకు కొట్టకూడదో నాకు చెప్పలేదు."

"ఆయనకి చెప్పాను. ఆయన నీకు చెప్పాడనుకున్నా," అన్నాడు నత్త. కర్రతో నేల గీకాడు. "ఆయన మరిచిపోయాడో, రేకుందిగా చాల్లే అనుకున్నాడో."

"మూడేళ్లు. అడిగిన ప్రతిసారీ..."

"చెప్తే ఏం చేసేవాడివి? ఇప్పుడు తెలిసిందిగా. ఏం చేస్తావు?"

సరంగు లోయలోకి చూశాడు. తమ్ముడు దారి తప్పలేదు. వాడికి దారి తప్పడమే తెలియదు. మంచులో కళ్లు పనిచేయకపోతే, ఇరవై ఒక్కేళ్లు చేసిన పనే చేశాడు. అన్న చప్పుడెటుంటే అటు నడిచాడు. ఆగి మళ్లీ కొడితే మళ్లీ నడిచాడు. సరంగు ఊరుకుని ఉంటే, ఏ చెట్టు కిందో కూర్చుని తెల్లారాక దిగి వచ్చేవాడు, చలికి నాలుగు తిట్లు తిట్టుకుంటూ. ఊరుకుంటే చాలు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

భోజనాలయ్యాక ఒక పెద్దాయనకి మోకాలు పట్టేసింది. ఆయన్నీ ఆయన భార్యనీ నెమ్మదిగా తెస్తానని నత్త వెనక ఉండిపోయాడు. "ఇక్కణ్ణుంచి బాట ఒక్కటే. మిగతావాళ్లని నువ్వు దించు," అని సరంగుకి అప్పగించాడు. పదహారు మందిని వెంటపెట్టుకుని సరంగు ఆ భుజం చుట్టూ తిరిగి కిందికి దిగాడు. ఒకరూ తప్పిపోలేదు. అంత సులువైన దారి.

మూడున్నరకి రేవులో మరదలు టీ కెటిల్‌తో, లాంచీ నుంచి గట్టుకి వేసిన బల్ల మీద నిలబడి ఉంది. ఇంకా దిగుతుండగానే అడిగింది.

"వినబడిందా బావగారూ?"

"వినబడిందమ్మా."

"బాగా?"

"బాగా. పక్కనే ఉన్నట్టు."

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె కెటిల్ కింద పెట్టేసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "నాకు తెలుసు. నాకు ఎప్పుడూ తెలుసు," అంది. సరంగు బూట్లు విప్పుకునే నెపంతో తల వంచుకున్నాడు. పొడుగాటాయన ఎక్కడ నోరు జారతాడోనని భయపడ్డాడు గానీ, ఆయన టీ కప్పుతో డెక్కెక్కి ఫోటోలు చూసుకోవడంలో పడ్డాడు. ఇలాగే ఉండిపోనీ అనుకున్నాడు సరంగు. తనకి తెలిసింది తనతోనే పోనీ. మరదలికి ఈ కాస్తా మిగలనీ.

నాలుగయ్యేసరికి కొండ నెత్తి మీదికి మబ్బు దిగడం మొదలైంది. నత్తా ఆ దంపతులూ ఇంకా రాలేదు. మరదలు ఖాళీ కప్పులు ఏరుతూ మాటిమాటికీ కొండ వంక చూసింది.

"హారన్ కొడదామా బావగారూ? పాపం, ఆ పెద్దవాళ్లు బెదిరిపోతారేమో."

"వద్దమ్మా. నత్త ఉన్నాడుగా."

"ఉంటే మాత్రం? పక్కనే ఉన్నట్టు వినబడుతుందన్నారుగా. వాళ్లకీ ధైర్యంగా ఉంటుంది."

కప్పులు దించి ఆమె చరచరా మెట్లెక్కింది. సరంగు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా వెనకే పరిగెత్తాడు. అతను స్టీరింగు గదిలోకి వచ్చేసరికి ఆమె చెయ్యి తాడు మీదుంది. మణికట్టు దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కి పట్టాడు. ఇన్నేళ్లలో ఆమె మీద అతని చెయ్యి పడటం అదే మొదలు.

"కొట్టొద్దు!"

ఆమె బిత్తరపోయింది. రేకు వంక చూసింది. "దీని గురించా? ఆ రోజు మనం కొట్టలేదా?"

"కొట్టాం," అన్నాడు సరంగు. "అందుకే."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాల్సి వచ్చింది. మెడ దగ్గర భుజం ఎటుందో, రాతి గోడ ఎటుందో స్టీరింగు చెక్క మీద వేలితో గీసి చూపించాడు. పద్దెనిమిది మందీ ఎటు తిరిగారో చెప్పాడు. పట్టపగలు, అన్నీ తెలిసిన తన కాళ్లే ఎటు నడిచాయో చెప్పాడు. "వాడు తప్పిపోలేదమ్మా. మనం పిలిచిన చోటుకే వచ్చాడు," అన్నాడు.

ఆమె ఏడవలేదు. వేలు గీసిన చోటే చూస్తూ, కిటికీ చెక్కకి ఆనుకుని నిలబడింది.

"మీరు లాగినప్పుడా? నేను లాగినప్పుడా?"

"నేను లాగినప్పుడే," అన్నాడు సరంగు వెంటనే. "మొదట్లోనే. నువ్వు తాడు ముట్టుకునేసరికే అంతా అయిపోయింది."

"మీకెలా తెలుసు?"

నాలుగు నుంచి చీకటి పడేదాకా ఎన్నిసార్లు మోగిందో, ఎన్నో మోతకి వాడి కాలు జారిందో చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడు లేడు.

కింద రేవులో మాటలు వినబడ్డాయి. నత్త ఆ పెద్దాయన్ని భుజం పట్టి దించుతున్నాడు. ఆయన భార్య కర్ర పట్టుకుని వాళ్ల వెనకే వస్తోంది. చిన్న సరంగు వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "పద్దెనిమిదీ వచ్చేశారన్నా! హారన్ కొట్టండి, బయల్దేరదాం," అని కేకేశాడు. పైనుంచి సమాధానం లేదు. మళ్లీ కేకేశాడు. అప్పటికీ లేకపోతే తనే మెట్లెక్కి వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏమీ అడగకుండా వాళ్ల మధ్యలోంచి చెయ్యి చాపి తాడు లాగాడు.

హారన్ మోగినంతసేపూ మరదలు తన కుడి అరచేతిని చూసుకుంటూ నిలబడింది.